పసుపు ముళ్ళు

చక్రానికి పది నట్లు.
నట్టు నట్టుకీ ఒక పసుపు ప్లాస్టిక్ ముల్లు.
బిగించిన రోజున జంటజంటగా
ముక్కుకి ముక్కు ఆనించుకుని ఉంటాయి.
ఏ ఒక్కటి అలిగి మొహం తిప్పుకున్నా
అక్కడ నట్టు వదులైందని లెక్క.

ఈ సంగతి నాకు చెప్పింది టుసాజిగ్వే.
ఎంబేయా యార్డుకి సేఫ్టీ ఆఫీసరుగా వచ్చిన మొదటి రోజు
నా లారీ కింద దూరి,
ఓవరాల్ నిండా గ్రీజుతో బయటికొచ్చి
"అంబాకిస్యే గారూ, ఎడమ వెనక చక్రం, ఏడోది చూశారా?" అంది.
చూడలేదు.
పంతొమ్మిదేళ్ళుగా టైరుని కాలితో ఒక్క తన్ను తన్నేవాణ్ణి.
అదే నా తనిఖీ.

కిట్వే నుంచి రాగి పలకలు,
దారెస్సలామ్ రేవు దాకా.
వీపు మీద ముప్ఫై టన్నులు పెట్టుకుని
కిటోంగా కనుమ దిగేవాడికి తెలుసు,
ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనే దిగాలని,
బ్రేకుని అడక్కూడదని, అడిగితే
అది పొగతో జవాబిస్తుందని.

పోయినేడు క్యాబిన్లో ఒక కన్ను బిగించారు.
నా రెప్ప రెండు సెకన్లు వాలితే కీచుమంటుంది,
సీటు వణుకుతుంది,
రేవు దగ్గర ఆఫీసులో ఒక తెర మీద నా పేరు ఎర్రబడుతుంది.
మూడు ఎరుపులకి ఒక మెమో.
మేం మాత్రం తక్కువ తిన్నామా?
చిసెంగా దానికి బబుల్‌గమ్ అంటించాడు.
లుసాజో నల్లకళ్ళద్దాలు కొన్నాడు, రాత్రిళ్ళు పెట్టుకోవడానికి.
నేను మా ఆవిడ అల్లిన బుల్లి టోపీ తొడిగాను,
చలికాలం కదా, పాపం అని.

టుసాజిగ్వే ఆ టోపీ తీసి జేబులో వేసుకుంది.
మెమో రాయలేదు.
పక్క సీటెక్కి తలుపేసుకుని
"పదండి, నేనూ వస్తాను" అంది.

మకంబాకో దాకా నేనే మాట్లాడాను. తర్వాత మాటలైపోయాయి.
ఆమె నోటుబుక్కులో నా వేగం రాయలేదు.
టుండుమా సరిహద్దులో ఎన్ని రాత్రులు కూర్చునే పడుకున్నానో,
కాటా దగ్గర ఎన్ని గంటలు ఎండలో నిలబడ్డానో,
శుక్రవారం దాటితే బోనస్ ఎంత తెగుతుందో
అడిగి అడిగి రాసుకుంది.

తెల్లవారుజామున నాలుక్కి
కన్ను కీచుమంది.
"దుమ్ము పడింది" అన్నాను.
ఆమె ఏమీ అనలేదు.
కాసేపటికి చూస్తే
అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది,
నోరు కొంచెం తెరుచుకుని, పెన్ను వేళ్ళలోనే ఉంచుకుని.
నిద్రంటే అలా ఉంటుందని
మర్చిపోయాను నేను.

ఎవరూ చెప్పకుండా, ఏదీ పాడవకుండా
లారీని పక్కకి తీసి ఆపడం
పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.
నలభై నిమిషాలు పడుకున్నాను.
బోనస్ పోయింది.

తర్వాత ఆమె యజమాని గదిలోకి వెళ్ళింది.
తలుపు వేశారు కాబట్టి సగమే వినిపించింది.
"మీరు డ్రైవర్లని కళ్ళలో వత్తులేసుకుని నడపమంటారు.
వత్తి కాలిపోయాక ఏం వెలగాలి సార్?"
ఆ తర్వాత చాలాసేపు ఫ్యాను చప్పుడు.

అంతా మారిపోయిందని చెప్పను.
సరిహద్దులో గడిపే గంటలు ఇప్పుడు పనిగంటలే.
ఇరింగా యార్డులో ఆరు మంచాలేశారు,
రెండింటికి స్ప్రింగులు వీపులో గుచ్చుకుంటాయి.
శుక్రవారం కోత సగానికి తగ్గింది, సగం ఉంది.
మెమోలు వస్తూనే ఉన్నాయి, చిసెంగాకి నిన్న కూడా.
టోపీ నాకు తిరిగిచ్చింది,
గేరు కడ్డీకి తొడిగాను.

ఇవాళ పొద్దున, టీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది,
వంగి చూశాను.
ఎడమ వెనక చక్రం. మళ్ళీ ఆ ఏడోదే.
మెకానిక్ నిద్రలేచి వచ్చేసరికి రెండు గంటలు.
గుమాస్తా గొణుక్కుంటూ ఫారం నా ముందు పడేశాడు.
ఆలస్యానికి కారణం అన్న గడిలో
రాశాను: అలిగింది.

"ఎవరు?" అన్నాడు.